మందు మానితే దోమ లేస్తుందా? జీఎం వరి, లక్ష్యం కాని పురుగులు: ఒక చరిత్ర

జీఎస్-3లో కానీ, గ్రూప్-1 మెయిన్స్ సైన్స్ అండ్ టెక్నాలజీ పేపర్‌లో కానీ "జీఎం పంటల లాభనష్టాలు చర్చించండి" అనే ప్రశ్న రాగానే మనందరి జవాబూ దాదాపు ఒకేలా ఉంటుంది. లాభాల కింద దిగుబడి పెరగడం, పురుగుమందు తగ్గడం రాస్తాం. నష్టాల కింద విత్తన కంపెనీల గుత్తాధిపత్యం, జీవవైవిధ్యానికి ముప్పు రాస్తాం. చివర "జాగ్రత్తతో ముందుకు సాగాలి" అని ముగిస్తాం. ఐదొందల మంది ఇదే రాస్తే మన పేపర్‌కు మార్కులెందుకు పడతాయి?

ఈ జవాబులో సాధారణంగా మిస్సయ్యేది ఒక చిన్న ప్రశ్న. ఒక పురుగును చంపే జన్యువును మొక్కలో పెట్టాం. ఆ పురుగు తగ్గింది. మరి అదే పొలంలో ఉన్న మిగతా పురుగుల సంగతేమిటి? వాటిని ఆ జన్యువు ఏమీ చేయదు. అవి పెరుగుతాయా, తగ్గుతాయా, అలాగే ఉంటాయా?

ఇది వినడానికి కీటకశాస్త్రం ప్రశ్నలా ఉంటుంది. నిజానికి దీనికి జవాబు చరిత్రలో ఉంది. గుంటూరు, వరంగల్ పత్తి చేలల్లో, హైదరాబాద్ ల్యాబుల్లో, చైనా వరి మడుల్లో నలభై ఏళ్లుగా ఈ ప్రశ్న నలుగుతూనే ఉంది. నేను పోర్ట్‌బ్లెయిర్‌లో (ఇప్పటి శ్రీవిజయపురం) ఉండి ప్రిపేర్ అవుతున్నాను కాబట్టి, ఇది దీవులకు ఎలా వర్తిస్తుందో కూడా చివర్లో చూద్దాం.

ముందు పదాలు తేల్చుకుందాం

బీటీ అంటే బాసిల్లస్ తురింజియెన్సిస్. ఇది నేలలో ఉండే బ్యాక్టీరియా. దీనిలోని క్రై ప్రొటీన్లు కొన్ని రకాల పురుగుల పేగులో ఉన్న గ్రాహకాలకు అతుక్కుని, పేగు గోడకు రంధ్రాలు చేసి వాటిని చంపుతాయి. ఏ క్రై ప్రొటీన్ ఏ పురుగు మీద పనిచేస్తుందన్నది ఆ గ్రాహకం ఉందా లేదా అన్న దాని మీద ఆధారపడుతుంది. క్రై1 రకం ప్రొటీన్లు ప్రధానంగా సీతాకోకచిలుక, రెక్కలపురుగు జాతుల లద్దె పురుగుల మీద పనిచేస్తాయి.

వరికి దీన్ని అన్వయించండి. కాండం తొలుచు పురుగు, ఆకుముడత పురుగు రెండూ లద్దె పురుగులే. బీటీ వరికి ఇవి "లక్ష్యం". సుడిదోమ, పచ్చదోమ, తెల్లమచ్చ దోమ మొక్క నాళాల్లోంచి రసం పీల్చి బతుకుతాయి. ఉల్లికోడు కలిగించేది ఒక చిన్న ఈగ. వీటి మీద క్రై1 ప్రొటీన్ పనిచేయదు. అంటే ఇవి "లక్ష్యం కాని పురుగులు".

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోండి. నాన్-టార్గెట్ అనగానే మనకు తేనెటీగ, సాలీడు, అక్షింతల పురుగు లాంటి మిత్ర పురుగులే గుర్తొస్తాయి. అమెరికాలో 1999లో మోనార్క్ సీతాకోకచిలుక మీద వచ్చిన వివాదం ఆ కోవదే. బీటీ మొక్కజొన్న పుప్పొడి తింటే మోనార్క్ పురుగులు చనిపోతాయని ఒక ల్యాబ్ ప్రయోగం చెప్పింది. పొలం స్థాయిలో ఆ ముప్పు చాలా స్వల్పమని 2001లో వచ్చిన పరిశోధనలు తేల్చాయి. కానీ లక్ష్యం కాని వాటిలో శత్రు పురుగులు కూడా ఉంటాయి. రైతు జేబుకు నేరుగా తగిలేది అవే.

అసలు సుడిదోమ పెద్ద పురుగెలా అయింది?

జన్యుమార్పిడి రాకముందే ఈ పాఠం వరి మనకు ఒకసారి నేర్పింది. 1966లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్8 విడుదల చేసింది. పొట్టి రకాలు, ఎక్కువ యూరియా, దగ్గర దగ్గరగా నాట్లు, ఏడాదికి రెండు పంటలు, వాటితో పాటు కాండం తొలుచు పురుగుకు క్రమం తప్పకుండా మందు. ఇదీ ప్యాకేజీ.

అప్పటిదాకా సుడిదోమ ఆసియాలో పెద్ద సమస్య కాదు. 1970లలో అది ఒక్కసారిగా విరుచుకుపడింది. మన దేశంలో 1973-74లో కేరళలోని కుట్టనాడు దెబ్బతింది. ఫిలిప్పీన్స్, ఇండోనేసియాలు కూడా తీవ్రంగా నష్టపోయాయి. కారణం వెతికితే తేలిందేమిటి? కాండం తొలుచు పురుగు కోసం కొట్టిన మందు మడిలోని సాలీళ్లను, దోమ గుడ్లు తినే మిరిడ్ నల్లిని చంపేసింది. దోమ గుడ్లు మాత్రం ఆకు తొడిమ లోపల భద్రంగా మిగిలాయి. కాపలా పోయింది, దొంగ మిగిలాడు.

ఇండోనేసియా అధ్యక్షుడు సుహార్తో 1986లో వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించిన ఆదేశానికి నేపథ్యం ఇదే. సమగ్ర సస్యరక్షణ అనే పదం మన సిలబస్‌లోకి వచ్చిన దారి కూడా ఇదే.

మొక్కలోనే నిరోధకత పెట్టే ప్రయత్నం కూడా అప్పుడే మొదలైంది. ఐఆర్26 అనే రకాన్ని 1973లో సుడిదోమను తట్టుకునేలా విడుదల చేశారు. కొద్ది ఏళ్లలోనే దోమ దానికి అలవాటుపడింది. మన దగ్గర ఉల్లికోడు విషయంలోనూ ఇదే జరిగింది. ఫల్గుణ రకం ఉల్లికోడును బాగా తట్టుకునేది. 1980లలో ఉత్తరాంధ్రలో ఆ నిరోధకతను దాటే కొత్త ఉల్లికోడు రకం కనిపించింది. ఇవేవీ జీఎం రకాలు కావు, మామూలు సంకరణంతో వచ్చినవే. కాబట్టి "ఒకే జన్యువు మీద ఆధారపడితే పురుగు దాటేస్తుంది" అనే పాఠం జీఎంకు మాత్రమే సంబంధించినది కాదు. జవాబులో ఈ వాక్యం రాస్తే మీ దృష్టి విశాలంగా కనిపిస్తుంది.

1987 గుంటూరు, 1997 వరంగల్

ఇప్పుడు పత్తికి వద్దాం. మన దేశంలో సాగుకు అనుమతి పొందిన జీఎం పంట ఇప్పటికీ ఇదొక్కటే. కాబట్టి వరి గురించి ఊహించాలంటే చూడాల్సిన అద్దం పత్తే.

1980ల మొదట్లో సింథటిక్ పైరెథ్రాయిడ్ మందులు వచ్చాయి. కోస్తా జిల్లాల్లో, ముఖ్యంగా గుంటూరు, ప్రకాశం పత్తి రైతులు వాటిని విపరీతంగా వాడారు. 1987-88 నాటికి రెండు పరిణామాలు జరిగాయి. శనగపచ్చ పురుగు ఆ మందులకు లొంగకుండా తయారైంది. దానికంటే ముందే తెల్లదోమ విజృంభించింది. ఆ ఏడాది పత్తి రైతుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కుదిపేశాయి. పదేళ్ల తర్వాత 1997-98లో వరంగల్ జిల్లాలో పొగాకు లద్దె పురుగు, శనగపచ్చ పురుగు, అకాల వర్షాలు కలిసి పత్తిని ముంచాయి. మళ్లీ ఆత్మహత్యలు. మందు కొట్టుడు ఖర్చు, నకిలీ మందులు, ప్రైవేటు అప్పు ఒకదానికొకటి తోడయ్యాయి.

బీటీ పత్తికి ఆంధ్రప్రదేశ్‌లో అంత ఆదరణ ఎందుకు దొరికిందో ఈ నేపథ్యం లేకుండా అర్థం కాదు. రైతు అమాయకంగా మోసపోయాడని రాయడం చరిత్రకు అన్యాయం. ఏ మందుకూ చావని పురుగును పదేళ్లు చూసినవాడికి, మందు లేకుండా ఆ పురుగును చంపే విత్తనం వచ్చిందంటే అది చిన్న విషయం కాదు.

2002 తర్వాత ఏం జరిగింది?

2002 మార్చి 26న జీఈఏసీ మహికో కంపెనీ మూడు బీటీ పత్తి హైబ్రిడ్లకు అనుమతి ఇచ్చింది. వాటిలో ఉన్నది క్రై1ఏసీ జన్యువు. 2006లో రెండు జన్యువులున్న బోల్‌గార్డ్-2 వచ్చింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విత్తనం ధర మీద ఎంఆర్‌టీపీ కమిషన్‌కు వెళ్లి పోరాడింది. 450 గ్రాముల ప్యాకెట్ గరిష్ఠ ధరను రూ.750కి దించింది. పోటీ చట్టం, సమాఖ్య వ్యవస్థ ప్రశ్నల్లో వాడుకోదగ్గ ఉదాహరణ ఇది. పదేళ్లలోనే దేశంలో పత్తి విస్తీర్ణంలో 90 శాతానికి పైగా బీటీ అయిపోయింది.

కాయతొలుచు పురుగుల కోసం కొట్టే మందు మొదట్లో బాగా తగ్గింది. కాథాగే, కైమ్ అనే ఆర్థికవేత్తలు 2012లో ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు రాష్ట్రాల్లో 2002-2008 మధ్య సేకరించిన సర్వేల ఆధారంగా, బీటీ వల్ల ఎకరా దిగుబడి 24 శాతం, లాభం 50 శాతం పెరిగాయని తేల్చారు.

రెండో వైపు చూడండి. 2020లో నేచర్ ప్లాంట్స్ పత్రికలో కేశవ్ క్రాంతి, గ్లెన్ డేవిస్ స్టోన్ ఇరవై ఏళ్ల లెక్కలు వేశారు. స్టోన్ వరంగల్ పల్లెల్లో ఏళ్ల తరబడి తిరిగిన ఆంత్రోపాలజిస్ట్. వారి ముగింపు: మందు ఖర్చు మొదట్లో తగ్గింది, తర్వాత మళ్లీ పెరిగింది. 2018 నాటికి హెక్టారు మందు ఖర్చు బీటీ రాకముందు కంటే ఎక్కువైంది. అందుకు ముఖ్య కారణాల్లో ఒకటి రసం పీల్చే పురుగులు. పచ్చదోమ, తామర పురుగులు, తెల్లదోమ, పిండినల్లి. అంటే లక్ష్యం కాని పురుగులే. 2015లో పంజాబ్‌లో తెల్లదోమ బీటీ పత్తిని ధ్వంసం చేసింది. మరో కారణం గులాబీ రంగు పురుగు. అది లక్ష్యంలోనే ఉన్న పురుగు. గుజరాత్‌లో క్రై1ఏసీకి తట్టుకునే శక్తి తెచ్చుకుందని 2010లో బయటపడింది, తర్వాత బోల్‌గార్డ్-2నూ దాటేసింది. ఈ రెండు సమస్యలనూ ఒకే వాక్యంలో కలిపేయకండి. నిరోధకత వేరు, లక్ష్యం కాని పురుగుల పెరుగుదల వేరు. మొదటిది జన్యువు ఓడిపోవడం. రెండోది జన్యువు గెలిచినా సమస్య మిగలడం.

చైనాలో ఇది ఇంకా స్పష్టంగా కనిపించింది. 2010లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం, ఉత్తర చైనాలో బీటీ పత్తి విస్తరించాక మిరిడ్ నల్లులు పెరిగి పక్కనున్న పండ్ల తోటలకు కూడా పాకాయి. కారణం సూటిగా ఉంది. అంతకుముందు కాయతొలుచు పురుగుకు కొట్టిన మందే మిరిడ్ నల్లిని కూడా అణచి ఉంచేది. ఆ మందు ఆగిపోయింది, నల్లి లేచింది.

కారణం చెప్పే ముందు జాగ్రత్త

ఇక్కడ ఒక పిట్టకథ. మన దేశంలో 2005-06 ప్రాంతంలో పత్తి మీద పిండినల్లి విజృంభించింది. "బీటీ వల్లే వచ్చింది" అని చాలామంది అన్నారు. నిజానికి ఆ పిండినల్లి ఉత్తర అమెరికా మూలం ఉన్న కొత్త ఆగంతుక జాతి. బీటీ లేని పత్తి మీదా, బెండ మీదా, వయ్యారిభామ మీదా అది బతికింది. తర్వాత ఒక చిన్న పరాన్నజీవి కందిరీగ దాన్ని పట్టి చాలావరకు అదుపు చేసింది.

ఇంజినీరింగ్‌లో మనం చదివినదే ఇది. రెండు గ్రాఫులు కలిసి పెరిగితే ఒకటి మరోదానికి కారణమని కాదు. లక్ష్యం కాని పురుగు పెరిగిందంటే కనీసం నాలుగు కారణాలు ఉండొచ్చు:

1. దాన్ని అణచి ఉంచిన మందు ఆగిపోవడం.
2. తిండికి పోటీ ఇచ్చే లక్ష్య పురుగు తొలగిపోవడం.
3. దాన్ని తినే మిత్ర పురుగులు తగ్గడం.
4. జన్యువుతో సంబంధం లేని మార్పులు: హైబ్రిడ్ రకం మెత్తదనం, ఎక్కువ నత్రజని, కొత్త ఆగంతుక జాతి, వాతావరణం.

ప్రశ్నపత్రంలో "విశ్లేషించండి" అని అడిగితే ఈ నాలుగింటినీ విడదీసి రాయడమే విశ్లేషణ.

ఇప్పుడు వరి

బీటీ వరి మొదట 1993లో జపాన్‌లో తయారైంది. సాగుకు దగ్గరగా వెళ్లింది చైనా. హువాహుయి-1, బీటీ షాన్యూ-63 అనే రెండు రకాలకు 2009లో భద్రతా ధ్రువపత్రాలు ఇచ్చింది, 2014లో పొడిగించింది. కానీ వాణిజ్య సాగుకు వదల్లేదు. మన దేశంలో మహికో చేసిన బీటీ వరి క్షేత్ర ప్రయోగాల్లో ఒకదాన్ని 2006 అక్టోబర్‌లో హర్యానాలోని కర్నాల్ దగ్గర రైతు సంఘం వారు తగలబెట్టారు. బాస్మతి ఎగుమతులు దెబ్బతింటాయన్న భయం కూడా దాని వెనుక ఉంది.

మరి బీటీ వరిలో సుడిదోమ పెరిగిందా? పత్తి అనుభవాన్ని బట్టి పెరగాలి అనిపిస్తుంది. వరిలో కథ కొంచెం వేరుగా నడిచింది.

మొదటి విషయం, మందు. 2005లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో చైనా రైతుల పొలాల్లోనే లెక్క తీశారు. జీఎం వరి వేసిన చోట మందు వాడకం 80 శాతం దాకా తగ్గింది. పత్తిలో మందు ఆగితే నల్లి లేచింది. వరిలో మందు ఆగితే సాలీళ్లు, మిరిడ్ నల్లి బతుకుతాయి, అవి దోమను తింటాయి. 1970ల పాఠాన్ని తిరగేసి చదివినట్టు ఉంటుంది ఇది. గమనించండి, పత్తిలో మిరిడ్ నల్లి శత్రువు, వరిలో ఇంకో రకం మిరిడ్ నల్లి మిత్రుడు.

రెండో విషయం, పురుగుల మధ్య సంబంధం. చైనా శాస్త్రవేత్తలు 2018లో ప్రచురించిన పరిశోధనలో ఆసక్తికరమైన సంగతి తేలింది. సుడిదోమ ఆరోగ్యంగా ఉన్న మొక్క కంటే కాండం తొలుచు పురుగు అప్పటికే కొట్టిన మొక్కనే ఎక్కువగా ఎంచుకుంటుంది. బీటీ మొక్కకు ఆ దెబ్బ తగలదు కాబట్టి దాని మీదకు దోమ కూడా తక్కువ వచ్చింది. జన్యువు దోమను ఏమీ చేయకుండానే దోమ తగ్గింది.

మూడో విషయం, మిత్ర పురుగులు. క్రై ప్రొటీన్ దోమ ద్వారా దాన్ని తినే మిరిడ్ నల్లికి చేరుతుందా అని 2002లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పరీక్షించారు. కొన్ని రకాల మీద పెరిగిన దోమ విసర్జించే తీపి ద్రవంలో ఆ ప్రొటీన్ కనిపించింది. కానీ నల్లికి హాని కనబడలేదు.

అయితే దీన్ని మనకు అలాగే అన్వయించలేం. 2018 పరిశోధనలోది చారల కాండం తొలుచు పురుగు, మన మడుల్లో ప్రధానమైనది పసుపు రంగు కాండం తొలుచు పురుగు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో, నిజామాబాద్ ఆయకట్టులో దోమపోటుకు సొంత కారణాలు ఉన్నాయి: ఒత్తుగా నాట్లు, అవసరానికి మించిన యూరియా, మడిలో ఎప్పుడూ నిలవ నీరు, దోమను తట్టుకోలేని సాంబమసూరి లాంటి సన్నరకాల మీద మోజు. ఏ బీటీ జన్యువూ వీటిని మార్చదు. కాండం తొలుచు పురుగుకు మందు మానిన రైతు దోమకు మందు మానడు. ఆ మందు సరైనది కాకపోతే మిత్ర పురుగులు మళ్లీ చస్తాయి, చైనా లెక్క తారుమారవుతుంది.

ఉస్మానియా ప్రయత్నం: దోమనే లక్ష్యంగా చేసుకుంటే?

ఇక్కడ మన హైదరాబాద్ పేరు రావాలి. క్రై ప్రొటీన్ దోమ మీద పనిచేయదు కదా, పనిచేసే వేరే ప్రొటీన్ పెడదాం అనుకున్నారు ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని మొక్కల అణుజీవశాస్త్ర కేంద్రం శాస్త్రవేత్తలు. స్నోడ్రాప్ అనే పూలమొక్కలో ఉండే జీఎన్ఏ లెక్టిన్ జన్యువును చైతన్య, ఫల్గుణ వరి రకాల్లో పెట్టారు. అవి సుడిదోమను, పచ్చదోమను తట్టుకున్నాయని 2003లో ప్రచురించారు. 2008లో వెల్లుల్లి ఆకు లెక్టిన్‌తోనూ ఇలాంటి ఫలితాలే చూపారు. తర్వాత రెండు లెక్టిన్లనూ ఒకే మొక్కలో కలిపారు. కంపెనీ గుత్తాధిపత్యం లేని, మన రకాల్లో, మన ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో జరిగిన పని ఇది. "జీఎం అంటే బహుళజాతి కంపెనీ" అనే మూస వాక్యానికి ఇంతకంటే మంచి ప్రతి ఉదాహరణ లేదు.

కానీ చిక్కు ఎక్కడుంది? క్రై ప్రొటీన్ తాళంచెవి లాంటిది, కొన్ని తాళాలకే పడుతుంది. లెక్టిన్ అలా కాదు. చక్కెర అణువులకు అతుక్కునే ప్రొటీన్ కాబట్టి దాని ప్రభావం ఇంకా విస్తృతం. 1999లో స్కాట్లాండ్‌లో జీఎన్ఏ బంగాళాదుంప మీద పెరిగిన పేనుబంకను అక్షింతల పురుగులకు మేపితే, వాటి సంతానోత్పత్తి, ఆయుష్షు తగ్గాయని తేలింది. 1998లో ఆర్పాద్ పుష్టాయ్ ఎలుకల ప్రయోగంతో బ్రిటన్‌లో రేగిన పెద్ద వివాదం కూడా జీఎన్ఏ బంగాళాదుంపల మీదే. ఆ ప్రయోగం పద్ధతి మీద తీవ్ర విమర్శలు వచ్చాయన్నదీ గుర్తుంచుకోండి.

మొత్తం చర్చలో అసలు ఇరకాటం ఇదే. గురి సన్నగా ఉంటే మిగతా శత్రువులు మిగిలిపోతాయి. గురి వెడల్పు చేస్తే మిత్రులకు తగిలే అవకాశం పెరుగుతుంది. దీనికి ల్యాబులో ఒక్కసారిగా జవాబు దొరకదు. పొలంలో, ఏళ్ల తరబడి లెక్క పెట్టాలి.

అండమాన్ వైపు

అండమాన్ నికోబార్‌లో జీఎం వరి లేదు. దేశంలోనే ఎక్కడా సాగుకు అనుమతి లేదు. అయినా ఈ దీవులు ఈ చర్చకు ఎందుకు అవసరం?

ఇక్కడ వరి చరిత్ర వలసల చరిత్ర. 1858లో శిక్షా స్థావరం, 1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థుల పునరావాసం, ఇంకా రాంచీ, కరెన్, తమిళ, తెలుగు కుటుంబాలు. దీవుల్లో బాగా పాతుకుపోయిన సీ14-8 అనే పొడుగు వరి రకం బర్మా నుంచి వచ్చినది. పంటకాలం చాలా ఎక్కువ, దిగుబడి తక్కువ. అయినా ఇక్కడి వానలకు, నేలకు అలవాటుపడింది. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత చాలా పల్లపు మళ్లలోకి ఉప్పునీరు చేరింది. ఇక్కడ తినే బియ్యంలో ఎక్కువ భాగం ఓడ మీదే రావాలి. కాబట్టి "దీవులకు మంచి విత్తనం కావాలి" అనే వాదనలో బలం ఉంది. పోర్ట్‌బ్లెయిర్‌లో 1978లో స్థాపించిన కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ మామూలు ప్రజననంతో ఆ పని చేస్తోంది.

రెండో వైపు, ఒక పని కోసం తెచ్చిన జీవి ఇంకో పని చేయడం దీవుల చరిత్రలో కొత్త కాదు. బ్రిటిష్ వారు వదిలిన చుక్కల జింకకు ఇక్కడ వేటాడే జంతువు లేదు, అది అడవిలో మొలకలను మేసేస్తోంది. జపాన్ ఆక్రమణ కాలంలో (1942-45) వచ్చిందని చెప్పే ఆఫ్రికా పెద్ద నత్త నేటికీ కూరగాయ తోటలను తింటోంది. 1962లో కలప కంపెనీ మూతపడ్డాక ఇంటర్వ్యూ దీవిలో వదిలేసిన ఏనుగులు అడవి ఏనుగులయ్యాయి. ప్రధాన భూభాగంలో ఒక పురుగు లేస్తే పక్క జిల్లా నుంచి దాని శత్రువు రావచ్చు. మధ్యలో సముద్రం ఉన్న చోట ఆ సాయం అంత తేలిక కాదు.

ఇంకొకటి, అడవి వరి. దక్షిణ అండమాన్ పక్కనున్న రట్‌లాండ్ దీవిలో ఒరైజా ఇండాండమానికా అనే అడవి వరిని 1985లో వర్ణించారు. ప్రపంచంలో ఇంకెక్కడా లేనిది. "జీఎం వరి జన్యువు దీనిలోకి పాకుతుంది" అని రాయాలనిపిస్తుంది, కానీ తొందరపడకండి. ఇది సాగు వరికి దూరపు చుట్టం, జన్యుక్రమం వేరు, సహజంగా సంకరం కావడం చాలా కష్టం. జన్యు ప్రవాహం భయం సాగు వరికి దగ్గరి అడవి జాతుల విషయంలోనే బలమైనది. రట్‌లాండ్ వరిని కాపాడాలనడానికి జీఎం బూచి అక్కర్లేదు, అది అరుదైనది కావడమే చాలు.

చట్టం ఎక్కడుంది?

పర్యావరణ పరిరక్షణ చట్టం 1986 కింద 1989లో వచ్చిన నియమాలే నేటికీ మూలం. కార్టజీనా ప్రోటోకాల్ 2003 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. 2010 ఫిబ్రవరి 9న జైరాం రమేష్ బీటీ వంకాయ మీద మారటోరియం ప్రకటించారు. దానికి ముందు జరిగిన ప్రజాభిప్రాయ సేకరణల్లో హైదరాబాద్ ఒక వేదిక. సుప్రీంకోర్టు 2012లో వేసిన సాంకేతిక నిపుణుల కమిటీలో మెజారిటీ, వరి లాంటి మనమే జన్మస్థానం లేదా వైవిధ్య కేంద్రం అయిన పంటల్లో జీఎం వద్దని సూచించింది. 2024 జూలైలో జీఎం ఆవాల మీద ఇద్దరు న్యాయమూర్తులు వేర్వేరు తీర్పులిచ్చారు. కానీ జాతీయ విధానం రూపొందించాలన్న విషయంలో ఇద్దరూ ఏకీభవించారు.

2022లో కేంద్రం బయటి జన్యువు మిగలని జన్యు సవరణ మొక్కలకు ఆ నియమాల్లో కొన్నింటి నుంచి మినహాయింపు ఇచ్చింది. 2025 మే 4న హైదరాబాద్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ తయారుచేసిన డీఆర్ఆర్ ధాన్ 100 (కమల) ప్రకటించారు. ఇది సాంబమసూరి నుంచే వచ్చింది. ఇది జన్యు సవరణ, జన్యుమార్పిడి కాదు. పురుగు కోసం చేసినది కూడా కాదు. ప్రిలిమ్స్‌లో ఈ తేడా మీద ప్రశ్న వచ్చే అవకాశం ఉంది.

నా అభిప్రాయం

పత్తి చరిత్ర చూసి జీఎం వరిని తిరస్కరించాలని కానీ, చైనా వరి ఫలితాలు చూసి తలుపు తెరవాలని కానీ నేను అనను. రెండు పంటల కథలూ వేర్వేరుగా నడవడమే ఇక్కడ నేర్చుకోవాల్సింది. పత్తిలో మందు పోతే శత్రువు లేచాడు, వరిలో మందు పోతే మిత్రుడు లేచాడు. అంటే ఫలితాన్ని నిర్ణయించేది జన్యువు ఒక్కటే కాదు, ఆ పొలంలో ఎవరెవరు ఉన్నారన్నది కూడా.

అందుకే అనుమతి ఇచ్చే ముందు ఒకటి రెండు సీజన్ల ప్రయోగం చాలదు. పత్తిలో రసం పీల్చే పురుగుల భారం పూర్తిగా బయటపడడానికి పదేళ్లకు పైగా పట్టింది. ఆ పదేళ్లూ ఖర్చు పెట్టింది రైతు. విత్తనం అమ్మినవాడి మీద కానీ, అనుమతి ఇచ్చినవాడి మీద కానీ ఆ భారం పడలేదు. జీఎం వరి ఎప్పుడైనా వస్తే అనుమతితో పాటే మూడు షరతులు ఉండాలి: లక్ష్యం కాని శత్రు పురుగుల మీద ప్రతి మండలంలో ఏటా లెక్క, ఆ లెక్క ప్రజలకు అందుబాటులో ఉండడం, నష్టం తేలితే ఎవరు భరించాలో ముందే రాసిపెట్టడం. దీవుల్లాంటి చోట్లకు వేరే అంచనా ఉండాలి, ప్రధాన భూభాగం ఫలితం చూపించి అనుమతి ఇవ్వకూడదు.

ఈలోగా మార్టేరు, వరంగల్ పరిశోధన కేంద్రాలు దోమను, ఉల్లికోడును తట్టుకునే మామూలు రకాలు ఇస్తూనే ఉన్నాయి. ప్రతి రెండు మీటర్లకు కాలిబాట తీయడం, మడిని మధ్య మధ్యలో ఆరగట్టడం, యూరియా తగ్గించడం అనే సలహాలకు ఏ కమిటీ అనుమతీ అక్కర్లేదు.

రాసి చూడండి (250 పదాలు)

"జన్యుమార్పిడి పంట విజయాన్ని లక్ష్య పురుగు తగ్గుదలతో మాత్రమే కొలవడం సరికాదు." బీటీ పత్తి అనుభవం, వరి పరిశోధనల ఆధారంగా చర్చించండి.

సూచన: పరిచయంలో 1970ల సుడిదోమ, మధ్యలో పత్తి-వరి పోలిక, తర్వాత లెక్టిన్ ఇరకాటం, చివర ఎవరు భరించాలన్న ప్రశ్న. జవాబులు కామెంట్లలో పెట్టండి, చదివి నా అభిప్రాయం చెబుతాను.